రెండు నౌకలను కలిపే చదువు: బ్రాడీపేట వారాంతపు తరగతిపై నా అభిప్రాయం

గుంటూరు బ్రాడీపేటలో, ఒక మందుల షాపు పైన రెండో అంతస్తులో ఉన్న శిక్షణ కేంద్రం శని, ఆదివారాల్లో లగ్రాంజ్ బిందువుల దగ్గర, అంటే రెండు పెద్ద గోళాల ఆకర్షణల నడుమ నౌక వాటితోపాటే తిరుగుతూ ఉండగల చోట్ల, అంతరిక్ష నౌకలను ఎలా కలపాలో నేర్పుతోంది. ఫీజు 3,500 రూపాయలు. పాలిటెక్నిక్‌లో అవకలన సమీకరణాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ సమీకరణాలతో వీళ్లు ఏం చేస్తున్నారో చూద్దామని చేరాను. మిగతావాళ్లంతా బీటెక్ పిల్లలు. పాఠం చెప్పడానికి వచ్చాననుకుని మొదటిరోజు లేచి నిలబడ్డారు.

పాఠం చెప్పే కుర్రవాడికి విషయం వచ్చు. స్పేడెక్స్‌తో మొదలుపెట్టాడు. 2025 జనవరి 16న ఇస్రో రెండు చిన్న ఉపగ్రహాలను భూమికి సుమారు 475 కిలోమీటర్ల ఎత్తున జతచేసింది. అక్కడ లెక్క సుఖం. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించి కింది కక్ష్యలోకి దిగాలి. అక్కడ చుట్టు త్వరగా పూర్తవుతుంది. ఒక నౌక నుంచి చూస్తే రెండోది ఎలా కదులుతుందో చెప్పడానికి 1960లో క్లోహెసీ, విల్ట్‌షైర్ ఇచ్చిన సమీకరణాల్లో గుణకాలు స్థిరాంకాలు కాబట్టి సాధన కాగితం మీదే వచ్చేస్తుంది. మా డిప్లొమా పిల్లలు కూడా చేసేస్తారు.

సూర్యుణ్ణి గమనించే మన ఆదిత్య-ఎల్1 తిరిగే హాలో కక్ష్యకు, అంటే లగ్రాంజ్ బిందువు చుట్టూ ఉండే దారికి, వచ్చేసరికి ఆ సుఖం పోతుంది. దాని నడుమ ఏ గోళమూ లేదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడూ భూమీ చెరోవైపు లాగుతుండగా ఒక్కో చుట్టుకు దాదాపు 178 రోజులు పడుతుంది. కిందికి దిగి అందుకుందామంటే అక్కడ కింద అనేదే లేదు. పైగా దారి అస్థిరం: చిన్న తేడా సుమారు 23 రోజులకొకసారి 2.7 రెట్లవుతుంది. అందుకని లక్ష్య నౌక దారి పొడవునా సమీకరణాలను రేఖీయం చేసి, చిన్న తేడాలు ముందుముందు ఎంతవుతాయో చెప్పే 6×6 మాత్రికను కంప్యూటర్‌తో అంచెలంచెలుగా కట్టుకుంటూ పోవాలి. అతను దాన్ని బోర్డు మీద కట్టిన తీరు చూశాక ఫీజు సంగతి మరిచిపోయాను. అంత శుభ్రమైన చేతిరాత ఈ రోజుల్లో అరుదు కూడా.

అభ్యాసానికి చంద్రుడి దగ్గర గేట్‌వే అనే అంతరిక్ష కేంద్రం కోసం ఎంచిన హాలో కక్ష్యను ఇచ్చారు. 2022 నవంబరులో క్యాప్‌స్టోన్ అనే చిన్న ఉపగ్రహం అందులోకి ముందుగా చేరింది. చుట్టుకు ఆరున్నర రోజులు. ఒక కొసన చంద్రుడికి దాదాపు 1,500 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది, రెండో కొసన 70,000 కిలోమీటర్ల దూరం పోతుంది.

"చంద్రుడికి దగ్గరగా వచ్చినప్పుడే కలిపేస్తే పోదా సార్?" అన్నాడు వెనక బెంచీ పిల్లవాడు.

"అక్కడ నౌక దూసుకుపోతుంది తమ్ముడూ. వేగంలో కాస్త తప్పినా దిద్దుకునే వ్యవధి ఉండదు. దూరపు కొసకు రా, అక్కడ అంతా నిదానం."

తరువాత నాసా వారి జీమ్యాట్ అనే కక్ష్యల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చేయించారు. మొదటి మంటలోని, అంటే ఇంజనును తొలిసారి మండించినప్పటి, మూడు వేగాంశాలను మారుస్తూ, అనుకున్న వేళకు అనుకున్న చోటికి చేరేలా కంప్యూటర్ వెతుకుతుంది. చేరాక రెండో మంటతో రెండు నౌకల వేగాలను సమం చేయాలి. తొలి అంచనా సరిగా లేకపోతే ఆ వెతుకులాట ఎక్కడా కుదురుకోదు. ఆ అంచనాను మాత్రం ఒక ఫైలులో పెట్టి చేతికిచ్చారు. ఎలా వచ్చిందో చెప్పలేదు.

నాకు కోపం తెప్పించినవి రెండు. జీమ్యాట్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, కిట్ పేరుతో మరో 400 రూపాయలు వసూలు చేశారు. వద్దన్నా ఆ డబ్బు తగ్గించరట.

రెండోది దీనికన్నా పెద్దది. రెండో మంట అంటుకోకపోతే ఏమిటి? ఇంజను మొరాయించినా వెంబడించే నౌక తేలుతూ వెళ్లి లక్ష్యాన్ని గుద్దని దారినే మొదట ఎంచుకోవాలి. అసలు ప్రణాళిక అంటే అదే. అడిగితే, "అది అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంది మాస్టారూ" అన్నాడు కౌంటరు దగ్గరి అబ్బాయి. కలవడానికి ఒక ఫీజు, గుద్దుకోకుండా ఉండటానికి ఇంకొకటి!

అయినా మాత్రికలు, న్యూటన్ పద్ధతి వచ్చిన మూడో ఏడాది పిల్లలు చేరవచ్చు. ఆ మాత్రిక పాఠం ఒక్కటే ఫీజుకు సరిపోతుంది. సర్టిఫికెట్ కోసమైతే వద్దు. మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్షకూ జీమ్యాట్ అనే పేరుంది కాబట్టి బోర్డు చూసి పొరబడకండి. చేరేవాళ్లు ఉదయం బ్యాచ్ అడగండి. సాయంత్రమైతే పక్కనున్న కల్యాణ మండపం మైకు ముందు ఆ కుర్రవాడి గొంతు చాలదు.