టమాటా పద్ధతితో నాలుగేళ్లు: గంట కంటే గీతలే మేలు చేశాయి

25 నిమిషాలు పని, గంట మోగగానే కాసేపు విరామం. పొమొడోరో, అంటే టమాటా, పద్ధతి అనగానే అందరూ ఈ గంట గురించే చెబుతారు. అదే పద్ధతిలో ఉన్న చిన్న గీతల సంగతి చెప్పేవారు తక్కువ. నాలుగేళ్లుగా దీన్ని వాడుతున్నాను. నా పని తీరును మార్చింది ఆ గీతలే కాబట్టి ముందు వాటి గురించే రాస్తాను.

పని మధ్యలో మనసు తనంతట తాను పక్కకు పోతే కాగితం మీద ఒక పైకామా (’) పెట్టాలి. బయటివారెవరైనా వచ్చి ఆపితే ఒక అడ్డగీత గీయాలి. గీసి మళ్లీ పనిలో పడాలి. 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారపు వంటింటి గడియారంతో ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఫ్రాన్సెస్కో చిరిల్లో పెట్టిన గుర్తులే ఇవి.

నేను విశాఖ ద్వారకానగర్‌లో ఒక పన్నుల సలహాదారు కార్యాలయంలో లెక్కలు చూస్తాను. వర్తకుల జీఎస్టీ పని: నెలనెలా 11వ తేదీకి అమ్మకాల రిటర్ను, 20కి పన్ను లెక్క చూపి కట్టే 3బీ రిటర్ను. ఆ మధ్య రోజుల్లో ఫోను ఆగదు. ‘ఈ ఫోన్లే లేకపోతే నా పని రెండు గంటల్లో తేలిపోతుంది’ అని ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో! నిజంగానే అలా నమ్మాను. కాగితం మొదలుపెట్టిన నెల, 19వ తేదీ సాయంత్రం బస్సులో కూర్చుని ఆ రోజు గుర్తులు లెక్కపెట్టాను. అడ్డగీతలు 9, పైకామాలు 22. బస్సు సిరిపురం దాటేలోగా మరోసారి లెక్కపెట్టాను. అంకె మారలేదు.

ఆ మర్నాటి నుంచి ప్రతి పైకామా పక్కన ఒక మాట కూడా రాయడం మొదలుపెట్టాను. గ్యాస్ బుకింగ్. అమ్మ మందులు. వాట్సాప్. మళ్లీ వాట్సాప్. మూడు వారాల కాగితాలు పక్కపక్కన పరిచి చూస్తే అసలు విషయం బయటపడింది. బిల్లులు ఎక్కించేటప్పుడు పైకామాలు దాదాపు లేవు. సరఫరాదారులు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే 2బీ పట్టికలో కనిపించే కొనుగోళ్లను దుకాణం పుస్తకంతో సరిచూసేటప్పుడు, ఎందుకొచ్చిందో అర్థం కాని తేడా ఎదురైన చోటే గుంపుగా ఉన్నాయి. అంతకాలం నాకు నిలకడ లేదని బాధపడేదాన్ని. నిజానికి చిక్కుముడి పడిన చోటే చేయి ఫోను వైపు వెళుతోంది. అప్పటి నుంచి అలాంటి చోట ఆగి ‘ఏ బిల్లు, ఎంత తేడా’ అని ఒక్క వాక్యం రాస్తాను. ఆ వాక్యం పూర్తయ్యేసరికి తరువాత ఏం చూడాలో సగం తెలిసిపోతుంది.

అడ్డగీతలకూ ఒక మందు ఉంది. పనిలో ఉన్నానని చెప్పడం, వేరే సమయం అడగడం, ఆ సమయానికి మనమే ఫోన్ చేయడం. ‘ఏమ్మా, మా 3బీ అయిందా?’ అని అడిగే వర్తకులకు ‘నాలుగింటికి నేనే చేస్తానండి’ అని చెబుతాను. నాలుగింటికి తప్పక చేస్తాను. రెండు నెలలు గడిచేసరికి రోజుకు మూడుసార్లు అడిగేవారు అడగడం మానేశారు. చెప్పిన వేళకు చేయకపోతే మాత్రం ఆ మాట రెండోసారి పనిచేయదు.

ఇక గంట సంగతి. ఫోనులో పెట్టుకుంటే ఫోను చేతిలోకి వస్తుందని, పూర్ణామార్కెట్‌లో తిప్పితే నడిచే చిన్న గడియారం కొన్నాను. దాని టిక్కుటిక్కు పక్క బల్ల ఆవిడకు ఇబ్బందిగా ఉందని తెలిసి, చేతిరుమాలు నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టేదాన్ని. మొదటి ఏడాదంతా 25 నిమిషాల మహిమ గురించి కనిపించినవారందరికీ చెప్పాను. ఇద్దరిచేత కొనిపించాను కూడా.

రెండో ఏడాది ఒక 20వ తేదీన ఒక ఇనుప సామాన్ల దుకాణం లెక్క తేలడం లేదు. పొద్దుపోతోంది, గడువు దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, దాని మీద పన్నుకు వడ్డీ. గడియారం తిప్పి కూర్చున్నాను. ఒక సరఫరాదారు బిల్లులు 14 దేనికీ జతపడటం లేదు. మొత్తాలు సరే, తేదీలు సరే. చివరికి బిల్లు నంబర్లను పెద్ద అక్షరాల్లో చేసి ఒక్కొక్కటీ చూస్తే, సున్నా ఉండాల్సిన చోట మా పుస్తకంలో ఇంగ్లీషు అక్షరం ‘ఓ’ పడింది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. దిద్దగానే 14 బిల్లులూ వరసగా జతపడ్డాయి. ఊపిరి పీల్చుకుని చూస్తే గంటా నలభై నిమిషాలు గడిచాయి. గడియారం మోగలేదు. ముల్లు 11 నిమిషాల దగ్గర ఆగి ఉంది. టీ మీద మీగడ కట్టింది. కాగితం మీద ఒక్క గుర్తు లేదు.

జగదాంబ కూడలి దగ్గర గడియారాలు బాగుచేసే పెద్దాయన మూత విప్పి స్ప్రింగు చూపించారు. ఎర్రగా తుప్పు. ‘ఇల్లు ఎక్కడమ్మా?’ అని అడిగారు. పెదవాల్తేరు అన్నాను. రాత్రిళ్లు సముద్రం వైపు కిటికీలో పెట్టేదాన్నని కూడా చెప్పాను. ఉప్పుగాలికి ఇనుము నిలవదని చెప్పి, డబ్బులు తీసుకోకుండా తిరిగి ఇచ్చేశారు.

ఆ గడియారం అనుకున్నట్టు మోగి ఉంటే ఆ 14 బిల్లుల దారి మధ్యలో తెగిపోయేదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే 25 నిమిషాల గురించి అప్పట్లో చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. బిల్లులు ఎక్కించడానికి, కాగితాలు సర్దడానికి ఆ కొలత చక్కగా సరిపోతుంది. సరిచూసే పనికి నాకు కనీసం 50 కావాలి. అయితే ఆ రోజు మెడ పట్టేసిందని, రెండు రోజులు నొప్పి తగ్గలేదని కూడా చెప్పాలి. విరామం అక్కర్లేదని నేను అనను.

ఇంకో మాట. గాజువాకలో టిఫిన్ సెంటర్ నడిపే మా అక్కకు ఎంతో ఆశగా ఇది నేర్పించాను. వారం తిరగకముందే వదిలేసింది. ‘మధ్యలో పిలిచేవాళ్లే కదే నాకు బేరం, వాళ్లకు అడ్డగీత ఎలా గీయను?’ అంది. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకు చిన్నపిల్లలు లేరు, ఫోను సొరుగులో పెట్టినా మా సార్ ఏమీ అనరు, అమ్మను చూసుకోవడానికి పక్కింటి వారున్నారు. ఇవన్నీ ఉన్నందువల్లే నాకు సాగిందేమో. గడువులతో, అంకెలతో పనిచేసేవారైతే మూడు వారాలు గీతలు గీసి చూడమని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

గడియారం మళ్లీ కొనలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక మొదలుపెట్టిన వేళ రాసుకుంటాను, ఎదురుగా గోడ గడియారం ఉంది. నిన్న 3బీల పనిలో పైకామాలు 6, అందులో నాలుగు ఒకే దుకాణం దగ్గర. ఈ రోజు ముందు దాన్నే తీస్తున్నాను.