వాద్యకారుడికి సేవా, పారితోషికమా?

1836లో ఆంధ్ర తీరానికి వచ్చి, తర్వాత నరసాపురం వైపు స్థిరపడిన బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీల సంప్రదాయంలో ఆరాధనంటే వాద్యాలు లేకుండా గొంతెత్తి పాడడమే. అక్కడ వాద్యకారుడు ఉచితంగా వాయించాలా, డబ్బు తీసుకోవాలా అన్న తకరారు లేదు. కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) ఉన్న చర్చి సంఘాల్లోనే ఉంది.

ఒక పద్ధతి సేవ. సంఘంలోనే పెరిగిన కుర్రాడు శనివారం రిహార్సల్‌కి వస్తాడు, ఆదివారం వాయిస్తాడు, రూపాయి అడగడు. పెద్దావిడ ఎవరైనా ఉన్నట్టుండి వేరే శ్రుతిలో చరణం ఎత్తుకున్నా అందుకుంటాడు. అది డబ్బుకి దొరికేది కాదు. కానీ కేబుల్ పాడైతే ఖర్చు అతనిదే. సభ పెడితే షామియానా, సౌండ్, వంటవాళ్ల లెక్క మాత్రం ఆ రాత్రే తేలుస్తారు! గోడ మీద వాక్యం రాసే పెయింటర్‌ని కూడా ఎవరూ ఉచితంగా రాయమనరు.

రెండోది పారితోషికం. సువార్త సభలకు భీమవరం నుంచో రాజమండ్రి నుంచో బృందాన్ని పిలిస్తే పని శుభ్రంగా ఉంటుంది. డిసెంబరులో దొరకడమే కష్టం. పాత కీర్తనల రాగాలు వాళ్లందరికీ వచ్చని చెప్పలేం.

బైబిల్లోని నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో, రావలసిన భాగాలు అందక ఆలయ సేవ చేసే లేవీయులూ గాయకులూ పొలాలకు వెళ్లిపోయారు. యూదా దేశపు అధిపతి నెహెమ్యా మందలించింది వాళ్లను కాదు, అధికారులను. అందుకే నా ఓటు సొంత కుర్రాడికి నెలకింత అని ఇవ్వడానికే. ఎంతన్నది కమిటీ ముందే చెప్పాలి. సభ అయ్యాక కవరు జేబులో కుక్కడం ఇచ్చేవాళ్లకీ తీసుకునేవాడికీ ఇబ్బందే.