పాత స్టీలు సిలిండర్‌కి ఏ హార్నెస్? ఫ్లోరిడా నీళ్ళలో తేలిన లెక్క

పాత స్కూబా సిలిండర్‌ని వీపుకి కట్టే హార్నెస్ కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: దాన్ని వీపుకెత్తుకుని ఎక్కడ దిగుతారు? మెట్లు దిగాలా, ఇసుకలో నడవాలా, పడవ అంచు మీంచి దూకాలా? కంపెనీ పేరూ, తయారైన ఏడాదీ ఆ తర్వాతి సంగతి. మేం పోల్చినవి రెండు రకాలు: వీపుకి ఆనే ప్లాస్టిక్ పలక ఉన్నది, పలక లేని వట్టి పట్టీలది. ఫ్లోరిడాలోని టాంపాలో ఉండే నాకూ, రాజమండ్రి గోదాట్లో ఈదుతూ పెరిగిన మా బావకీ ఈ పాత సరంజామా పిచ్చి ఒకేసారి పట్టుకుంది. వారాంతాల్లో ఊటల చుట్టూ, తీరం వెంబడీ తిరిగి తేల్చుకున్నవి ఇవి.

ముందు సిలిండర్ సంగతి. డైవర్లు 'స్టీల్ 72' అనే రకం అమెరికాలో ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించేది. వ్యాసం 6.9 అంగుళాలు, ముద్రించిన పీడనం 2,250 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). సిలిండర్ మీద కొట్టిన పరీక్ష తేదీ పక్కన కూడిక గుర్తు ఉంటే మరో పది శాతం, అంటే 2,475 దాకా నింపవచ్చు. అప్పుడు అందులో పట్టే గాలి 71.2 ఘనపుటడుగులు. ఇప్పుడు అద్దెకిచ్చే అల్యూమినియం 80 వ్యాసం 7.25 అంగుళాలు. చూడ్డానికి తేడా అంతేనా అనిపిస్తుంది కానీ చుట్టుకొలతలో అంగుళం పైనే. ఒకదానికి కొలత బిగించి చేసిన పాత ఇనుప పట్టీ రెండోదానికి పట్టదు. అమ్మేవాడు 'అన్నిటికీ సరిపోతుంది' అంటే టేపు తీసి కొలవండి.

గాలి నింపుకుని తేలే జాకెట్ లేకుండా దిగాలనుకునేవాళ్ళు ఇంకా స్టీల్ 72 వెంటపడటానికి కారణం దాని తేలుడు. అల్యూమినియం 80 ఖాళీ అయ్యేసరికి దాదాపు రెండు కిలోల బలంతో మనిషిని పైకి లాగుతుంది. స్టీల్ 72 ఖాళీ అయినా ఇంచుమించు తటస్థంగానే ఉంటుంది, మునగడానికి నడుముకి కట్టే సీసం తక్కువ పెట్టుకోవచ్చు.

విల్లిస్టన్ ఊరి దగ్గరి డెవిల్స్ డెన్‌లో నాకు నచ్చింది ప్లాస్టిక్ పలక. పైకప్పు కూలిన గుహలో ఉన్న ఊట అది. మంచుయుగపు జంతువుల ఎముకలు దొరికిన చోటు. ఏడాది పొడుగునా నీళ్ళు 72 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 22. నీళ్ళ దాకా వెళ్ళాలంటే ఇరుకు రాతిమెట్లు దిగాలి. "ఈ ఇనపబండని మళ్ళీ పైకి మొయ్యాలి కదా బావా?" అని మావాడు దిగకముందే గొణిగాడు. మొయ్యాలి మరి, ఖాళీ సిలిండరే పదమూడు కిలోలుంటుంది. 1960, 70ల నాటి పలకలు వీపు వంపుకి తగ్గట్టు అచ్చుపోసినవి, బరువు భుజాలకీ నడుముకీ పంచుతాయి. మీటతో బిగిసే క్యామ్ పట్టీ ఉంటే సిలిండర్ మార్చడం నిమిషం పని. వట్టి పట్టీల హార్నెస్ వేసుకున్న బావకి మెట్ల మీద సిలిండర్ కావడికుండలా ఊగింది. నీళ్ళలో దిగాక మాత్రం నాకంటే సుఖంగా ఉన్నది వాడే. పలక వెడల్పు నీళ్ళలో అక్కర్లేని బరువే.

అసలు విషయం సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ దగ్గర, అందులోనూ పాత రెండు గొట్టాల రకం దగ్గర ఉంది. గాలిని అదుపుచేసే డయాఫ్రమ్ అనే పలచటి పొర మెడ వెనక డబ్బాలో ఉంటుంది, నోటి దగ్గర ఉండదు. బోర్లా ఈదుతున్నప్పుడు ఆ డబ్బా ఊపిరితిత్తుల కంటే ఎంత పైన ఉంటే గాలి పీల్చడం అంత కష్టం. వెల్లకిలా తిరిగితే గాలి దానంతటదే తోసుకొస్తుంది. అందుకని డబ్బా రెండు భుజపుటెముకల మధ్యకి దిగాలి, వీపుకి వీలైనంత దగ్గరగా ఆనాలి. సిలిండర్‌ని కావలసినంత కిందికి జరపనివ్వని హార్నెస్, ఎంత మెరిసినా, ఈ రెగ్యులేటర్‌కి పనికిరాదు. మందపాటి పలక రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుపెట్టినా ఊపిరిలో తెలుస్తుంది. ఇక్కడ వట్టి పట్టీలదే గెలుపు. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి, లేకపోతే తల దించగానే సిలిండర్ జారి పుర్రెకి తగులుతుంది. సీసపు బెల్టు మాత్రం అన్నిటికంటే చివర, అన్నిటి మీదా కట్టుకోవాలి. ఆపదలో వదిలేస్తే ఆ పట్టీలో ఇరుక్కోకుండా నేరుగా కిందపడాలి.

ఇదంతా పరీక్షించడానికి నాకు తోచిన మంచి చోటు రివియెరా బీచ్‌లోని ఫిల్ ఫోస్టర్ పార్కు, బ్లూ హెరాన్ వంతెన కింద. లోతు ఇరవై అడుగుల లోపే, ప్రవేశానికి డబ్బు కట్టక్కర్లేదు. నిండు పోటు నిలబడే వేళ చూసుకుని, దానికి అరగంట ముందు దిగి అరగంట తర్వాత పైకి రావడం అక్కడివాళ్ళ పద్ధతి. ఆ వేళ తప్పితే ప్రవాహంతో కుస్తీయే. డైవర్ జెండా తేల్చుకుంటూ వెళ్ళాలి, అది ఫ్లోరిడా చట్టం. ఒక చిక్కుంది, ఉప్పునీరు. ఇనుప పట్టీ కిందా, సిలిండర్ అడుగున తొడిగే రబ్బరు బూటులోనూ ఉప్పు దాక్కుంటుంది. ఇంటికొచ్చాక రెండూ విప్పి మంచినీళ్ళతో కడగకపోతే తుప్పు ఖాయం. ఊటల్లో ఈ బాధ లేదు.

దుకాణాల దగ్గర పెద్ద తలనొప్పి గాలి నింపించుకోవడం. అయిదేళ్ళకోసారి నీటిపీడన పరీక్ష, ఏడాదికోసారి లోపలి తనిఖీ ఉండాలి. రెండూ సరిగ్గా ఉన్నా, మెడ దగ్గర లోపలికి పోనుపోనూ సన్నబడే అర అంగుళం మర ఉన్న మరీ పాత సిలిండర్ అనేసరికి ఒక దుకాణంలో ముట్టుకోనే లేదు. ఇంకో చోట కౌంటర్ కుర్రాడికి జే వాల్వ్ అంటే తెలియదు. ఇది చివర్లో వాడుకోవడానికి 300 పీఎస్ఐ దాకా గాలిని అట్టిపెట్టే పాత ఏర్పాటు, నింపేటప్పుడు మీట కిందికి ఉండాలి. మనమే పక్కన నిలబడి చెప్పుకోవాలి. ఆ మీటని లాగే కడ్డీ సిలిండర్ పక్కగా దిగుతుంది కాబట్టి హార్నెస్ పట్టీ దాన్ని నొక్కెయ్యకుండా చూసుకోండి. జాకెట్, పీడనమాపకం, అదనపు మౌత్‌పీస్ లేకుండా దిగనివ్వని చోట్లు చాలా ఉంటాయి, ముందే ఫోన్ చెయ్యండి. డెవిల్స్ డెన్‌లో మేం మెడకి తగిలించుకునే పాతకాలపు గాలిచొక్కా, ఒంటిగొట్టం రెగ్యులేటర్ వాడాం.

బసకి నా ఓటు హై స్ప్రింగ్స్ దగ్గరి గిన్నీ స్ప్రింగ్స్‌కి. శాంటా ఫే నది ఒడ్డున గుడారాలు వేసుకోవచ్చు, గాలి నింపే దుకాణం లోపలే ఉంది, ఊటలోకి దిగే మెట్లు నాలుగడుగుల దూరం. అక్కడ పలకా పట్టీలా అన్న తర్జనభర్జనే అక్కర్లేదు. వేసవి శనివారాలు నది మీద ట్యూబుల్లో తేలేవాళ్ళతో కిటకిటలాడుతుంది, నిద్ర ముఖ్యమైతే వారం మధ్యలో వెళ్ళండి. పిల్లాజెల్లాతో వెళ్తే గెయిన్స్‌విల్‌లో హోటల్ మేలు. యూనివర్సిటీ ఊరు కనక ఇండియన్ భోజనానికి లోటుండదు. మేం పులిహోర కట్టుకునే వెళ్ళాం, 22 డిగ్రీల నీళ్ళలోంచి బయటికొచ్చాక దాని రుచే వేరు.

కొనేటప్పుడు పలకలో పట్టీ దూరే కంతల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్ళున్నాయేమో ఎండలో తిప్పి చూడండి. క్యామ్ మీట కీలు తుప్పట్టిందా, బోల్టు అసలుదేనా చూడండి. నూలు పట్టీలు ఎంత బాగా కనిపించినా నమ్మొద్దు, రెండంగుళాల కొత్త నైలాన్ పట్టీ వేయించండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, తడిపాకే సిలిండర్ చుట్టూ బిగించాలి. నా దగ్గర చివరికి రెండూ మిగిలాయి: మెట్లున్న చోటికి పలక, రెండు గొట్టాలకి వట్టి పట్టీలు. ఒక్కటే కొనాలంటే పలకే కొనండి, కాకపోతే క్యామ్ పట్టీ సిలిండర్ మెడకి బాగా దగ్గరగా బిగిసేది చూసుకోండి.

విశాఖలో ఉన్న మిత్రుడొకడు ఒకటి తెచ్చిపెట్టమన్నాడు. హార్నెస్ ఒక్కటే అయితే సూట్‌కేసులో బట్టల మధ్య పట్టేస్తుంది. సిలిండర్ మాత్రం వద్దన్నాను. విమానంలో వాల్వ్ పూర్తిగా విప్పి లోపల కనిపించేలా పెడితేనే ఒప్పుకుంటారు, పైగా మన దేశంలోకి గ్యాస్ సిలిండర్ తేవాలంటే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి కావాలి.