తర్వాతి బండి ఏదైనా సరే, నేను ముందు చూసేది చైన్ కవర్

బండి కొనేవాళ్లు మైలేజీ అడుగుతారు, పికప్ అడుగుతారు, ఈ మధ్య బ్లూటూత్ కూడా అడుగుతున్నారు. చైన్ మీద ఫుల్ కవర్ ఉందా అని అడిగినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. నేనైతే షోరూమ్‌లోకి వెళ్లగానే బండికి ఎడమ పక్కన వంగి అదే చూస్తాను. మిగతావన్నీ ఆ తర్వాతే.

నాది 2018లో కొన్న 125 సీసీ హోండా షైన్. బీఎస్4 (అప్పటి కాలుష్య ప్రమాణం) బండి, కార్బురేటర్, నాలుగు గేర్లు. 2020లో బీఎస్6 వచ్చాక షైన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్, ఐదో గేరు పెట్టారు. కాబట్టి ఇంజన్ గురించి నేనేం చెప్పినా ఇవాళ కొనేవాళ్లకు పెద్దగా పనికిరాదు. ఆ కవర్ సంగతి అలా కాదు. ఇన్నేళ్లు వాడాక ఈ బండిలో నాకు బాగా నచ్చిందేమిటని అడిగితే, ఇంజన్ కన్నా ముందు నల్ల రంగు వేసిన ఆ రేకు పెట్టె పేరే చెప్తాను.

నేను రొయ్యల చెరువుల టెక్నీషియన్ని. కైకలూరు, కలిదిండి, ఆకివీడు చుట్టుపక్కల చెరువులు తిరిగి నీళ్లు పరీక్ష చేయడం, మేత లెక్క చూడడం నా పని. రోజులో సగం బండి మీదే, అందులో సగం చెరువు గట్ల మీదే గడుస్తుంది. అక్కడిది నల్ల బంకమట్టి. వాన పడితే టైరుకు పట్టి, మడ్‌గార్డులోకి ఎక్కి, చక్రం తిరగనివ్వదు. దానికి తోడు ఉప్పు. ఉప్పుటేరు దగ్గరి చెరువుల్లో ఏరేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుంటే తుంపర గట్టు మీదికి కొడుతూనే ఉంటుంది. ఆ నీరు, ఆ మట్టి కలిసి చైన్ మీద పడితే లింకులకు సానపట్టినట్టే. పిన్నులు, బుష్షులు లోపల్నుంచి అరిగిపోతాయి, చైన్ పొడవు పెరుగుతుంది, చైన్ తిరిగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, దాని పళ్లు కొక్కేల్లా వంగుతాయి.

దీనికి ముందు నాకు 150 సీసీ బండి ఉండేది. పేరు చెప్పను, ఎందుకంటే ఆ క్లాసులో అప్పుడు ఏది కొన్నా దాదాపు అదే కథ. చూడడానికి బాగుంటుంది, పైన ఒక ప్లాస్టిక్ ముక్క తప్ప చైన్ అంతా బయటే ఉంటుంది. కిరసనాయిలుతో కడిగి స్ప్రే కొట్టడం ప్రతి ఆదివారం చేశాను. వానాకాలంలో వారం మధ్యలో కూడా చేశాను. అయినా చైన్ కిట్ (చైన్, రెండు స్ప్రాకెట్లు) ఏడాది తిరక్కుండానే పోయేది. డబ్బు పోతే పోయింది, అది నడిగట్టున వదిలేసిన రోజు మాత్రం మర్చిపోలేను.

సెప్టెంబరు నెల. రెండు మూడు రోజులుగా మబ్బు. ఎండ లేకపోతే చెరువులో పాచి పగలంతా ఆక్సిజన్ సరిగా తయారు చేయదు, తెల్లవారుజాముకి నీళ్లలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది. నాలుగు కాకముందే కలిదిండి వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "బాబూ, రొయ్య పైకి తేలుతోంది. ఏరేటర్లన్నీ వేశాను, అయినా తేలుతూనే ఉంది, తొందరగా రా." "వస్తున్నా బాబాయ్, ఉన్న ఆక్సిజన్ ట్యాబ్లెట్లు చల్లుతూ ఉండండి" అని బయల్దేరాను. డీఓ మీటరు మెడకు, ఇంకో రెండు డబ్బాల ట్యాబ్లెట్లు సంచిలో.

తారు రోడ్డు దిగి గట్టెక్కాక రెండో గేరులోనే పోనిస్తున్నాను. ఆక్సిలేటర్ కాస్త ఎక్కువ ఇవ్వగానే కింద టప్పుమని శబ్దం, వెనక చక్రం బిగుసుకుపోయింది. సెల్లు లైటు వేసి చూస్తే, తెగిన చైన్ ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుని ఉంది. లాగితే రాదు. బండిని తోద్దామంటే చక్రం తిరగదు. ఆ గట్టు మీద ఒక మనిషి నడవడమే కష్టం, ఇంక బిగుసుకున్న బండిని ఈడ్చడం కుదిరే పనా? దాన్ని అక్కడే స్టాండేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ల దాకా బురదలో నడిచాను. ఆయన చెరువు దగ్గరికి వెళ్లేసరికి తూర్పు తెల్లబడుతోంది. మీటరు పెడితే 3 పీపీఎం లోపే చూపించింది. అంచు వెంబడి రొయ్య ఎగిరి పడుతోంది. ట్యాబ్లెట్లు చల్లి, సూర్యుడు పైకి వచ్చేదాకా అక్కడే ఉన్నాం. చాలావరకు నిలబడింది, కొంత పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బండి ఆగకపోయి ఉంటే ఆ పోయిన కొంతలో సగమైనా మిగిలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యాహ్నం మేత ఆటోలో వేసి బండిని కైకలూరు తీసుకెళ్తే, తెగిన చైన్ కొట్టుకుని ఇంజన్ కేసు అంచు కూడా చిట్లిందని మెకానిక్ చూపించాడు. రిపేరు చేయించి అమ్మేశాను. షైన్ అలా వచ్చింది.

షైన్‌కి చైన్ అంతా మూసే ఉంటుంది. పైన ఒక రేకు, కింద ఒక రేకు, మధ్యలో బోల్టులు. లూజు చూసుకోవడానికి ఒక రంధ్రం, దానికి రబ్బరు మూత. ఇదేమీ కొత్త విషయం కాదు. మైసూరులో తయారైన యెజ్డీ మా నాన్నకు ఉండేది. దానికైతే ఇంజన్ నుంచి వెనక స్ప్రాకెట్ దాకా చైన్ రబ్బరు గొట్టాల్లోంచే నడిచేది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కి కూడా ఫుల్ కవరే. స్ప్లెండర్‌కి ఇవాళ్టికీ ఉంది. ఖరీదు పెరిగేకొద్దీ, ఇంజన్ పెద్దదయ్యేకొద్దీ కంపెనీలు దీన్నే తీసేస్తున్నాయి, లుక్ పాడవుతుందని. రైతు ప్రాంతంలో లక్షన్నర పెట్టి కొనే బండికి లేనిది, అంతకన్నా చాలా తక్కువలో దొరికే బండికి ఉండడమేమిటో! నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఇది.

కవర్ వల్ల ఇంట్లోవాళ్లకు కలిగిన ధైర్యం సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడ చీరలో ఒక పక్కకే కూర్చుంటుంది. కాళ్లు పెట్టేది ఎడమ పక్కన, చైన్ ఉండేదీ ఎడమ పక్కనే. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలి. చీర గార్డు పెట్టేది అందుకే. కానీ అది చక్రానికి అడ్డు, చైన్‌కి కాదు. పాత బండి మీద ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది. షైన్ వచ్చిన కొన్నాళ్లకు ఆ అలవాటు దానంతటదే పోయింది.

ఇక అసలు ఆశ్చర్యం మొదటి చైన్ కిట్ మార్చినప్పుడు. అప్పటికి బండి ముప్పై వేల కిలోమీటర్లు దాటింది, అవీ ఇవే గట్ల మీద. కింది రేకు విప్పితే లోపల బురద లేదు, తుప్పు లేదు. చైన్ నల్లగా, జిగురుగా, నూనెతో తడిసే ఉంది. స్ప్రాకెట్ పళ్ల మొనలు అప్పుడే వంగడం మొదలైంది. మెకానిక్ ఇంకో మూడు నాలుగు వేలు తిప్పొచ్చన్నాడు, నేనే మార్చేయమన్నాను. ఆ రోజు నుంచి కనబడ్డవాళ్లందరికీ చెప్పాను: ఫుల్ కవర్ ఉంటే చైన్ సంగతి మర్చిపోవచ్చని.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. రెండో కిట్ అందులో సగం దూరం కూడా రాలేదు.

వెనక టైరు మార్పించినచోట చైన్ కూడా బిగించి ఇచ్చారు. లూజు చూడడానికి తీసిన రబ్బరు మూత మళ్లీ పెట్టలేదు. అది ఉండేది కింద, కంటికి ఆనదు. ఆ వానాకాలమంతా గట్టు మీది బురద ఆ రంధ్రంలోంచి లోపలికి వెళ్తూనే ఉంది, బయటికి వచ్చే దారి మాత్రం లేదు. మామూలుగా చైన్ లూజయితే కవర్‌కి తగిలి టకటకమని ముందే తెలుస్తుంది. ఈసారి అడుగున మట్టి గట్టిపడి ఆ చప్పుడు కూడా సరిగా రాలేదు. బండి లాగడం తగ్గింది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. కార్బురేటర్ క్లీన్ చేయించాను, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను, ఏం మారలేదు. చివరికి కవర్ విప్పితే అరచేతి మందాన ఎండిన మట్టి. దాని మీద ఉప్పు తెల్లగా పూసి ఉంది. చైన్ దాన్ని గీసుకుంటూ తిరుగుతోంది. ఓపెన్ చైన్ అయితే ఆ బురద కొంత ఎగిరిపోయేది, కనీసం కళ్లకు కనబడేది.

అందుకని ఇప్పుడు అనేది ఇంత: కవర్ చైన్‌ని కాపాడుతుంది, మూత దాని చోట ఉన్నంతకాలం. నా టూల్ సంచిలో ఒక మూత ఎక్కువే ఉంటుంది. నీళ్ల సర్వీసింగ్ చేయించినా, పంక్చర్ వేయించినా, బండి తీసుకునేముందు కింద వేలు పెట్టి చూస్తాను. నెలకోసారి మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో చక్రం చేత్తో తిప్పుతూ, ఆ రంధ్రంలోంచే చైన్ మీద 90 నంబరు గేరాయిలు పోస్తాను. ఐదు నిమిషాల పని. వానాకాలం అయ్యాక ఒకసారి కింది రేకు విప్పి కడిగిస్తాను. విప్పడానికి కొందరు మెకానిక్‌లు విసుక్కుంటారు, దానికి వేరే డబ్బులు అడుగుతారు. ఇచ్చేయండి. చైన్ లాక్ (చైన్ రెండు కొసల్ని కలిపే లింకు) విప్పి మళ్లీ వేసినప్పుడు మాత్రం దగ్గరుండి చూడండి. క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ వెళ్లే దిక్కుకి ఉండాలి, చీలిక వెనక్కి ఉండాలి.

ఇప్పుడు కొత్త బండి తీసుకునే ఆలోచనలో ఉన్నాను. పాప పెద్దదవుతోంది, ముగ్గురం భీమవరం వెళ్లాలంటే ఈ క్లాసు బండి దేనికైనా కష్టమే. లారీని దాటాలంటే ముందే లెక్క చూసుకోవాలి. మా బావమరిది 160 సీసీ ఓపెన్ చైన్ బండి తీసుకుని హాయిగా ఉన్నాడు, నన్నూ అదే తీసుకోమంటాడు. తను తిరిగేది తారు రోడ్డు మీదే. ఐదొందల కిలోమీటర్లకోసారి చైన్‌కి స్ప్రే కొట్టే ఓపిక తనకుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకు కూడా తన మాటే సరైనది కావచ్చు. అసలు చైన్ గొడవే లేని స్కూటర్లు ఉన్నాయి, చక్రంలోనే మోటారు ఉండే (హబ్ మోటారు) ఎలక్ట్రిక్ బండ్లు ఉన్నాయి. కానీ వాటి చిన్న చక్రాలతో వానాకాలంలో చెరువు గట్టు ఎక్కమంటే నేను ఎక్కను. నాకు 18 అంగుళాల చక్రం కావాలి.

కాబట్టి నాలాగా బురదలో, ఉప్పులో, ఇసుకలో తిరిగేవాళ్లయితే షైన్, స్ప్లెండర్ లాంటి ఫుల్ కవర్ బండ్లు దాటి పోవద్దనే అంటాను. సెకండ్‌హ్యాండ్ కొనేటట్టయితే మీటరు రీడింగ్ కన్నా ముందు ఆ రబ్బరు మూత ఉందో లేదో చూడండి, ఉంటే తీసి లోపల వేలు పెట్టండి. నూనె అంటితే బేరమాడండి, మట్టి అంటితే చైన్ కిట్ డబ్బులు తగ్గించి అడగండి. ఐదు గేర్ల షైన్‌ని నేనింకా ముగ్గురితో నడిపి చూడలేదు. పండక్కి భీమవరం వెళ్లినప్పుడు టెస్ట్ రైడ్ అడుగుతాను, మా ఆవిడనీ పాపనీ ఎక్కించుకునే. అది లాగితే మళ్లీ షైనే. లాగకపోతే ఇప్పుడున్నది గట్లకు ఉంచేసుకుని, ఇంట్లోకి వేరే బండి చూడాల్సి వస్తుంది.