డ్రమ్ సాండర్ కొనేటోళ్ళు జాగ్రత్త: మందం చెక్కతో చూపించే డెమోకు పైసలు కట్టకండి

పలుచటి టేకు పని చేసే అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మాట. మూడు నాలుగు ఎంఎం పలకలు ఏకమందంగా రావాలని డ్రమ్ సాండర్ (బెల్ట్ మీద పోయే చెక్కను, గరుకు పేపర్ చుట్టిన డ్రమ్ముతో పైనుంచి అరగదీసే మెషిన్) కొనే ఆలోచనలో ఉంటే, అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. లక్ష పైన పెట్టి తెచ్చిన మెషిన్ జడ్చర్లలో మా షెడ్డుల ఒక మూలకు ఉన్నది. మోటార్ తిరుగుతది, బెల్ట్ నడుస్తది, దుమ్ము లేస్తది. పని మాత్రం కాదు.

మేం చేసేది పూజ మందిరాలు. పాత ఇండ్లు కూలగొట్టినప్పుడు వచ్చే దూలాలు, దర్వాజలు కొని సా మిల్లుల కోయిస్తం. బ్యాండ్ సా మీద కోసిన పలక గీతలు గీతలుగ, ఒక దగ్గర ఎక్కువ ఒక దగ్గర తక్కువగ ఉంటది. అంత పలుచటి దాని మీద రందా పెడితే, పోగు అడ్డం తిరిగిన కాడ పెచ్చులు లేస్తయి. అందుకే డ్రమ్ సాండర్ కావాల్సొచ్చింది. (పాత దూలం అయితే ముందు అయస్కాంతం తిప్పి మొలలు చూసుకోండి. ఒక్క మొల చాలు, డ్రమ్ము మీది పేపర్ మొత్తం చిరుగుతది.)

హైదరాబాద్‌ల డీలర్ డెమో ఇట్ల చేసిండు. 18 ఎంఎం మందం, బెత్తెడు వెడల్పు చెక్కను బెల్ట్ నడిమిట్ల పెట్టి తోలిండు. బయటికొచ్చినంక చేత్తో నిమిరి, "చూడన్నా, అద్దం లెక్క వచ్చింది" అన్నడు. నిజమే, నున్నగ వచ్చింది. రెండు మూడు ఎంఎం చెక్క కూడా చేస్తదా అంటే, "సెట్టింగ్ చేసుకుంటే వెంట్రుకంత తేడా రాదు" అన్నడు. పదహారు ఇంచుల డ్రమ్మే అయినా ఒక పక్క తెరిచి ఉంటది కాబట్టి, పలకను తిప్పి రెండుసార్లు తోలితే ముప్పై రెండు ఇంచుల దాకా చేసుకోవచ్చని కూడా చెప్పిండు.

ఆ తెరిచిన పక్కతోనే వచ్చింది తంటా. డ్రమ్మును ఒక్క దిక్కు నుంచే చెయ్యి లాంటి దిమ్మ పట్టుకొని ఉంటది, రెండో కొన కింద ఆధారం ఉండదు. దిమ్మ గట్టిదైతే ఇబ్బంది లేదు, మంచి కంపెనీల మెషిన్లు ఇట్లాంటివే చాలా ఉన్నయి. బలం లేనిదైతే చెక్క తగలంగనే బయటి కొన పైకి లేస్తది. మా షెడ్డుల 300 ఎంఎం వెడల్పు పలక తోలితే దిమ్మ వైపు 3.0 వచ్చింది, బయటి వైపు 3.4. చేత్తో నిమిరితే ఏం తెలుస్తది? ఇట్లాంటివి పది దొంతర పెడితే ఒక అంచు నాలుగు ఎంఎం ఎత్తుకు లేస్తది.

సర్వీస్ మనిషి వచ్చి బోల్టులు తిప్పి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) పెట్టి, "రెండు పక్కల సమానం ఉంది, మీ చెక్కలనే దోషం" అని పోయిండు. గేజ్ చెప్పింది అబద్ధం కాదు. కానీ అది మెషిన్ ఖాళీగ ఉన్నప్పటి సంగతి. చెక్క కింద ఉన్నప్పుడు ఏమైతదనేది వేరే పరీక్ష. ఆ పరీక్ష డీలర్ దగ్గరనే, పైసలు కట్టకముందే చెయ్యాలె.

ముందు ఖాళీ కొలత. ప్లగ్ తీసి, పేపర్ విప్పి, గట్టి చెక్క ముక్క ఒక్కటే తీసుకోండి. ఆ ఒక్కదాన్నే డ్రమ్ము కింద ఈ కొనకు, తర్వాత ఆ కొనకు జరిపి చూడాలె, రెండు ముక్కలు పెడితే వాటి తేడానే కొలత అయితది. డ్రమ్మును మెల్లగ దించుతూ, 0.05 ఎంఎం ఫీలర్ గేజ్ రెండు కొనల ఒకే తీరుగ బిగువుగ పోతుందా చూడండి. బెల్ట్ అతుకు మీద ముక్క పెట్టకండి, అక్కడ మందం వేరు.

ఇప్పుడు అసలుది. ఒకే పలక నుంచి కోసిన రెండు పట్టీలు, ఒక్కోటి రెండు ఇంచుల వెడల్పు, అర మీటరు పొడుగు. ఒకటి దిమ్మ వైపు అంచున, ఇంకోటి బయటి అంచున పెట్టి ఒకేసారి తోలాలె. డ్రమ్మును ఎత్తి దించే హ్యాండిల్ కొంచెమే దించి, పట్టీలు మొత్తం తెల్లబడేదాకా తోలి, డిజిటల్ వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిచి రాసుకోండి. మల్ల హ్యాండిల్ ఎక్కువ దించి ఇంకోసారి తోలి కొలవండి. రెండుసార్లూ తేడా అంతే ఉంటే అది అలైన్‌మెంట్ (డ్రమ్ము, బెల్ట్ సమానంగ లేకపోవుడు), బోల్టు తిప్పితే పోతది. తేలికగ తోలినప్పుడు సమానం వచ్చి, ఎక్కువ దించినప్పుడు తేడా పెరిగితే దిమ్మ వంగుతున్నట్టు. దానికి ఏ బోల్టూ పనికిరాదు. హ్యాండిల్ పైకెత్తి మల్ల అదే గీతకు దించినప్పుడల్లా కొత్త తేడా వస్తే, డ్రమ్ము ఎక్కి దిగే గైడ్‌లనే లూజు ఉన్నట్టు. అట్లాంటి మెషిన్ ఊరికే ఇచ్చినా వద్దు. హ్యాండిల్ ఎప్పుడూ కిందికి దించుతూనే కొలత మీద ఆపాలె, పైకెత్తుతూ ఆపితే మర చూడిల (మర గాట్లల) ఉన్న లూజు కొలతల కలుస్తది.

నా పలుచటి చెక్క నేనే తెచ్చి తోలి చూస్త అంటే డీలర్ ముఖం చూడండి, సగం సంగతి అక్కడనే తెలుస్తది.

మూడు ఎంఎం కంటే తక్కువకు పోయేటప్పుడు పలకను నేరుగ బెల్ట్ మీద పెట్టొద్దు. 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పొట్టు అదిమి చేసిన పలక) ముక్క కింద పెట్టి తోలాలె. ముందు ఆ ఎండీఎఫ్‌నే రెండు పక్కల తోలి సమానం చేసుకోవాలె. పలక దాని మీద డబుల్ టేప్‌తో అంటిస్తే సరి. టేప్ వద్దనుకుంటే వెనుక అంచుకు ఒక చిన్న అడ్డపట్టీ కొట్టండి, అది మనం దించబోయే మందం కంటే పలుచగ ఉండాలె. వెనుకనే ఎందుకంటే, డ్రమ్ము చెక్క వచ్చే దిక్కుకు ఎదురుగ తిరుగుతది, పలకను మన మీదికే తోస్తది. అందుకే మెషిన్‌కు ఎదురుంగ నిలబడకుండా పక్కకు ఉండాలె. ఒక్కోసారికి 0.1, మహా అయితే 0.2 ఎంఎం, అంతకు మించి దించొద్దు. ఒకే పక్క తోలితే వేడికి పలక దొప్ప తిరుగుతది, ఇటొకసారి అటొకసారి తోలాలె.

పేపర్ సంగతి. డ్రమ్ముకు చుట్టేటప్పుడు చుట్టు మీద చుట్టు ఎక్కితే పలక పొడుగునా ఒక గాడి పడుతది, వదులుగ ఉంటే పేపరే కాలి తెగుతది. టేకులో నూనె ఉంటది కాబట్టి సన్న పేపర్ త్వరగ మూసుకుపోయి నల్ల గీతలు కొడుతది. మందం తియ్యడానికి 80 నంబరు పేపర్, తర్వాత 120 చాలు. దుమ్ము లాగే మెషిన్ లేకుండా దీన్ని నడపొద్దు. దుమ్ము పలక కింద చేరితే అదీ మందమే. మాస్క్ ఎట్లాగూ తప్పదు.

అదే షాపుల ఇంకో ఇంపోర్టెడ్ మెషిన్ తక్కువ ధరకు చూపించిన్రు. మోటార్ పట్టీ (వివరాలు కొట్టిన రేకు) మీద 110 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉన్నది. "ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీగ ఇస్తం" అన్నరు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తది గానీ మన 50 హెర్ట్జ్‌ను మార్చదు. నిమిషానికి 1720 చుట్లు తిరగాల్సిన మోటార్ 1430 దగ్గర తిరుగుతది, బరువు పడితే వేడెక్కుతది. స్టిక్కర్ కాదు, మోటార్ మీద కొట్టిన పట్టీ చదవండి.

ఇక బిల్లు. నా బిల్లుల "డ్రమ్ సాండర్ 1" అని తప్ప ఏం లేదు. ఎంత వెడల్పుకు ఎంత తేడా లోపల వస్తదో డీలర్‌తో బిల్లు మీదనే రాయించండి. రాయను అంటే అక్కడనే ఆగండి. మెషిన్ వాపస్ అడిగితే నాతో ఏమన్నరంటే, "వ్యాపారానికి కొన్నవ్, నీకు కన్స్యూమర్ కేసు వర్తించది" అని. అట్ల కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బతుకుతెరువుకు స్వయం ఉపాధి కింద కొనుక్కున్నోడు వినియోగదారుడే. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లనే ఫిర్యాదు పెట్టొచ్చు, హైదరాబాద్ తిరిగే పని లేదు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, గడువు రెండేండ్లు. ముందుగ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించుకోండి. కొలతలు తేదీలతో రాసిపెట్టుకోండి, వెర్నియర్ పలక మీద ఉన్నప్పుడే ఫోటో తియ్యండి. నేను అవన్నీ జతచేసి మహబూబ్‌నగర్ కమిషన్‌ల ఫిర్యాదు ఇచ్చిన.

ఈ లోపల పని ఆగొద్దు కదా. డ్రమ్ము రెండు కొనల కింద ఆధారం ఉన్న డ్రమ్ సాండర్, పాతదైనా సరే, జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ దిక్కు ఎవరన్నా అమ్మేది ఉంటే చెప్పండి. పట్టీలు, వెర్నియర్ పట్టుకొనే వస్త.