వణుకు మందు: ఇప్పుడే మొదలెట్టాలా, దాచుకోవాలా?

హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కి వచ్చే చుట్టాలు చాలామంది మా ఇంట్లోనే దిగుతారు. పార్కిన్సన్స్, అంటే వణుకు జబ్బు, అని తేలినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. మామగారి గురించి మా అత్తగారు అడిగిందీ అదే: "ఏం బాబూ, ఆ సిండోపా మాత్ర ఐదేళ్లే పనిచేస్తుందట కదా. ముదిరాక వాడుకోవచ్చు, ఇప్పుడే ఎందుకు?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. సిండోపాలో ఉండే లెవోడోపా వాడగా వాడగా రెండు చిక్కులు రావచ్చు. ఒకటి, మందు మధ్యలో దిగిపోవడం. ఎనిమిదింటికి వేసుకున్న మాత్ర ఒంటిగంట దాకా లాక్కొచ్చేది కాస్తా పదకొండున్నరకే చేతులెత్తేస్తుంది. కాలివేళ్లు ముడుచుకుపోయి చెప్పు తొడగడం కూడా కుదరదు. రెండోది డిస్కినీసియా. మందు బాగా ఎక్కినప్పుడు తల, భుజాలు వాటంతట అవే ఊగుతుంటాయి.

మరి తప్పు మాత్రదా, జబ్బుదా? ఘానాలో మందు అందక, జబ్బు మొదలైన సగటున నాలుగేళ్లకు గానీ లెవోడోపా మొదలుపెట్టని రోగులను ఇటలీ రోగులతో పోల్చి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఇటలీవాళ్లు రెండున్నరేళ్లలోపే మొదలుపెట్టారు. అయినా జబ్బు వచ్చి ఎన్నేళ్లయిందన్న లెక్కన చూస్తే ఈ చిక్కులు ఇద్దరికీ దాదాపు ఒకే సమయానికి వచ్చాయి. తేల్చింది జబ్బు వయసు, ఒంటి బరువును బట్టి రోజు మోతాదు. 2019లో నెదర్లాండ్స్‌వాళ్లు 40 వారాలు ఆలస్యంగా మందు మొదలుపెట్టి చూసినా లాభం కనబడలేదు. లక్షణాలు పనికి అడ్డం రానంత స్వల్పంగా ఉంటే డాక్టర్లే ఆగమంటారు, అది వేరు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేని మనిషి మందు దాచుకోవడం మాత్రం నాకు శుద్ధ దండగగా కనిపిస్తుంది.

అసలు పోటీ లెవోడోపాకూ, ఇదే జబ్బుకు వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మరో రకం మందులకూ మధ్య. 2000లో వచ్చిన ఐదేళ్ల అధ్యయనంలో రోపినిరోల్‌తో మొదలుపెట్టినవాళ్లలో డిస్కినీసియా 20 శాతం, లెవోడోపాతో 45 శాతం. ఈ అంకె చూస్తే ఎవరైనా రోపినిరోల్ వైపే మొగ్గుతారు. కానీ కదలికలు లెవోడోపాతోనే ఎక్కువ మెరుగుపడ్డాయి. పైగా ఆ రెండో రకం మందులకు పగలు ముంచుకొచ్చే నిద్ర, కాళ్ల వాపు, లేనివి కనబడటం, జూదం మీదో కొనుగోళ్ల మీదో అదుపు తప్పే యావ ఉన్నాయి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో స్కూటర్ నడిపేవాడికి పగటి నిద్ర అంటే మాటలా? ఫోన్లో రమ్మీ ఆడే అలవాటున్నవాడి ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

అందుకే జవాబు మనిషిని బట్టి మారుతుంది. మా మామగారికి డెబ్బై. ఆ వయసులో డిస్కినీసియా ముప్పు తక్కువ, భ్రమల ముప్పు ఎక్కువ. ఆయనకు లెవోడోపాయే మేలు, డాక్టరూ అదే రాశారు. మా పిన్ని కొడుక్కి నలభై నాలుగు. చిన్న వయసులో జబ్బు రావడమే డిస్కినీసియాకు పెద్ద కారణాల్లో ఒకటి, కాబట్టి వాడికి ప్రమిపెక్సోల్‌తో మొదలెట్టడంలో అర్థముంది. ఆడవాళ్లకూ, సన్నగా ఉన్నవాళ్లకూ కూడా ముప్పు కాస్త ఎక్కువే. బక్కపల్చని మనిషికి అదే మాత్ర కిలోకు ఎక్కువ పడుతుంది మరి.

మందు పేరు మీద ఇంత టెన్షన్ పడేవాళ్లు మోతాదు సంగతి అడగరు! 2004 నాటి పరీక్షలో రోజుకు 600 మిల్లీగ్రాముల లెవోడోపా వాడినవాళ్లలో 40 వారాల్లోనే 16.5 శాతం మందికి డిస్కినీసియా వచ్చింది. 300 వాడినవాళ్లలో 2.3 శాతమే. పని జరిగేంత తక్కువ మోతాదులో ఉంచమని డాక్టర్ని అడగడం మన చేతిలోని పని.

ఇంకోటి, దూలగొండి పొడి. ఆ గింజల్లో సహజంగా ఉండేది లెవోడోపాయే. మూలికే కదా అని మామగారు పాలల్లో కలుపుకుని తాగుతుంటే, చీటీలో రాసిన మోతాదు ఒకటి, ఒంట్లోకి పోయేది ఇంకొకటి. డబ్బా తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టాం. మాత్రల లెక్క సరిచూసి, పొడి ఆపేయమన్నారు.