'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' కొంటున్నారా? ముందుమాట, ముగింపు లేని కాపీలతో జాగ్రత్త

అంగారక గ్రహం మీద జరిగే కథతో ఎడ్గర్ రైస్ బరోస్ రాసిన నవల 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' ఆన్‌లైన్‌లో కొనాలనుకునేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. నేను కొన్న కాపీ కవర్ చూస్తే ఎర్రటి ఎడారి, ఆకాశంలో రెండు చందమామలు, చాలా బాగుంది. లోపల మాత్రం పబ్లిషర్ పేరు లేదు, ఏ ఎడిషన్ నుంచి తీసుకున్నారో ఒక్క ముక్క లేదు.

మొదటి దెబ్బ ముందుమాట దగ్గరే. మొత్తం ఎగరగొట్టేశారు. ముందుమాటే కదా అనుకోకండి, ఈ నవలలో అది కూడా కథే. కథానాయకుడు కెప్టెన్ కార్టర్ తన రాతప్రతిని బంధువుకి అప్పగించి, 11 ఏళ్లు తెరవొద్దనీ, తను పోయాక 21 ఏళ్ల దాకా అందులోని సంగతి బయటపెట్టొద్దనీ షరతు పెట్టేది అక్కడే. లోపలి నుంచి మాత్రమే తెరుచుకునే అతని సమాధి తలుపు సంగతి తెలిసేదీ అక్కడే. అవేవీ తెలియకుండా నేరుగా అరిజోనా కొండల్లో మొదలుపెడితే సగం ఉత్కంఠ పోయినట్టే.

ఇక తప్పులు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్ ఏం చదివితే అదే అచ్చేశారు. మామూలు నవలైతే ఊహించుకుని సర్దుకుపోవచ్చు. ఇక్కడ ఆ గ్రహానికి సొంత మాటలున్నాయి, ఏది రచయిత పెట్టిన పేరో ఏది స్కానింగ్ తప్పో కొత్త పాఠకుడికి ఎలా తెలుస్తుంది? జెడ్ అంటే రాజు, జెడ్డాక్ అంటే చక్రవర్తి. నా కాపీలో లైను చివర విరిగిన 'జెడ్డాక్' చాలాచోట్ల 'జెడ్', 'డాక్' అని రెండు ముక్కలై పడింది. మాట్లాడుతున్నది రాజో చక్రవర్తో అర్థం కాదు. 'బార్సూమ్' అంటే అక్కడివాళ్లు ఆ గ్రహాన్ని పిలిచే పేరు, అది ఒకచోట 'బార్సూర్న్' అయింది, అదేదో వేరే ఊరనుకుంటారు ఎవరైనా. సముద్రాలు ఎండిపోయి, పీల్చే గాలిని కూడా కర్మాగారంలో తయారుచేసుకునే లోకం అది. అక్కడ దారి తప్పకుండా చదవాలంటే ఆ మాటలే ఆధారం.

ఇవన్నీ ఒక ఎత్తు, చివర ఒక ఎత్తు. 28 అధ్యాయాలుండాలి. 27వ అధ్యాయంలో, సరిగ్గా ఊపిరి బిగబట్టి చదివే చోట, వాక్యం మధ్యలో పుస్తకం అయిపోయింది! ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

అమ్మకం పేజీలో 'బొమ్మలతో' అని కూడా రాశారు. 1917 నాటి తొలి ముద్రణలో ఫ్రాంక్ స్కూనోవర్ వేసిన బొమ్మలున్నాయి, ఇందులో ఒక్కటీ లేదు. సెల్లర్‌ని అడిగితే ఆర్డర్ వచ్చాక ప్రింట్ చేస్తాం కాబట్టి రిటర్న్ లేదన్నాడు.

ఈ నవలకు అమెరికాలో కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, అందుకే ఎవరు పడితే వాళ్లు అచ్చేసి అమ్ముతున్నారు. శ్రద్ధగా వేసినవీ ఉన్నాయి, కాదనను. రివ్యూల స్టార్లు చూసి మాత్రం మోసపోకండి, వేరే ఎడిషన్లు కొన్నవాళ్ల రివ్యూలు కూడా ఒకే పేజీలో కలిపి చూపిస్తుంటారు. పబ్లిషర్ పేరు లేకపోతే వదిలేయండి. ప్రివ్యూ ఉంటే కథ ముందుమాటతో మొదలవుతోందా అని చూడండి. పాత పుస్తకాలు ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో నవల మొత్తం ఉచితంగా ఉంది, పార్శిల్ అందిన రోజే చివరి పేజీని దాంతో పోల్చి చూసుకుని, తేడా ఉంటే వెంటనే ఫొటోలు తీసి కంప్లైంట్ పెట్టండి.